పాచి నంటనీయని పూత

పడమటి కనుమలలో మహాబలేశ్వరము చెంత జన్మించి, మహారాష్ట్ర కర్ణాటక భూములను తడిపి, పాలమూరు సీమలో ప్రవేశించు కృష్ణానది పూర్వకాలమున ఇచ్చట రాతిని, ఇసుకను, గట్టుమీది తుంగను, జనులను దరిచేర్చు వెదురు పుట్టిని మాత్రమే తాకుచు పోయెడిది. వనపర్తి సంస్థానాధీశుల నాటి చెరువులకు సప్తసముద్రములని ప్రసిద్ధి. వానిలో నొకటియగు శ్రీరంగాపురపు రంగసముద్రము గట్టున రంగనాయకస్వామి ఆలయము నేటికిని నిలిచియున్నది. అట్టి చెరువుల నీరు రాతితూములగుండ పొలములకు దిగెడిది గాని, ఆ త్రోవలో లోహమునకు ఇంచుమించుగా పనియే లేకుండెడిది. ఈ స్థితి మన కన్నులయెదుటనే మారిపోయినది. కృష్ణా తుంగభద్రల నడుమ వ్యాపించిన నడిగడ్డకు తలవాకిటనున్న ప్రియదర్శిని జూరాల ఆనకట్ట 1995లో ప్రారంభమైన పిదప, క్రమముగా దాని విద్యుత్కేంద్రమున 39 మెగావాట్ల యంత్రములు ఆరును, దిగువ జూరాలలో 40 మెగావాట్ల యంత్రములు ఆరును, కొల్లాపురము చెంత ఎల్లూరు కడ కల్వకుర్తి ఎత్తిపోతలకై 30 మెగావాట్ల పంపులు ఐదును, నల్లమల కొండగర్భమున శ్రీశైలపు ఎడమగట్టు కేంద్రములో 150 మెగావాట్ల యంత్రములు ఆరును నెలకొనగా, నది నేడు అడుగడుగున ఇనుమును, ఉక్కును, రాగిని ఒరసికొనుచు ప్రవహించుచున్నది. ఊరి ట్యాంకునుండి వచ్చు త్రాగునీటి గొట్టము మొదలు కొల్లాపురపు మామిడితోటలోని మోటరు వరకు, నీటికిని లోహమునకును ఏర్పడిన ఈ క్రొత్త బాంధవ్యము సర్వత్ర కానవచ్చును. కాని ఆ బాంధవ్యమున మూడవవాని ప్రవేశమొకటి తప్పదు. నీరు సోకిన ప్రతి లోహముమీదను ప్రాణి చేరును.

ఎండకాలమున నీరు తగ్గినప్పుడు రైతు తన మోటరుయొక్క పీల్పుగొట్టమును గట్టుపైకి లాగి, దాని కొననున్న ఫుట్‌వాల్వు జాలీని కడుగుచుండగా దగ్గరనుండి చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును. వెలుపల పోగులు పోగులుగా వ్రేలాడు పచ్చని నాచు. దానిని దూసివేసినచో అడుగున గోధుమవన్నె జిగురు. ఆ జిగురును చాకుతో గీచినచో నారింజవన్నె తుప్పు. తుప్పు రాలినచోట ఉక్కులో సన్నని గుంటలు. బురదవాసనతోపాటు ఒకానొకప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసనయు ముక్కునకు సోకును. జిగురు క్రింద గాలి చొరని చోట నివసించుచు, నీటిలోని సల్ఫేటు లవణములను హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా మార్చు బాక్టీరియా ఆ వాసనకు కారణము. ఉక్కులో పడిన గుంటలలో కొన్ని వాని చలవయే. కావున పాచి లోహమును కప్పియుంచి కాపాడునని యెవరైన తలచినచో అది పొరపాటు. పాచి చాటున లోహము మరింత వేగముగా చెడును.

దీనివలన కలుగు నష్టము పలుతెరగుల నుండును. గొట్టము లోపలి జిగురుపొర మిక్కిలి పలుచనైనను నీటి పరుగునకు అడ్డుతగిలి, పంపు అదే నీటిని ఎత్తుటకు ఎక్కువ విద్యుత్తును త్రాగును. పెద్ద యంత్రముల బేరింగులను చల్లార్చుటకు వాడు నీటిగొట్టములలో ఆ పొర చేరినచో వేడి వెలుపలికి పోజాలదు. డ్రిప్పు గొట్టముల సన్నని రంధ్రములు పూడుకొనిపోవును. బోరుబావులలో ఇనుమును ఆక్సీకరించి బ్రతుకు బాక్టీరియా చేరినచో నీటిలో ఎర్రని జిగురు తెట్టెలు వచ్చును. త్రాగునీటి గొట్టములోని జిగురుపొర రోగకారక క్రిములకు క్లోరినునుండి తలదాచుకొను చోటుగా కూడ పరిణమింపవచ్చును. నా దృష్టిలో తక్కిన నష్టములన్నిటికంటె ఇది గురుతరమైనది.

ఇక ఈ చేరికను ఆపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబూనువాడు మొదట ఒక సంగతిని గ్రహింపవలెను. మనము ఇనుము, అల్యూమినియము, టైటానియము అని పేరు పెట్టి తాకుచున్నది నిజమునకు ఆ లోహమును గాదు; దానిపైని ఆక్సైడును. అల్యూమినియపు గిన్నెను గీచినచో క్రొత్తగా బయటపడిన లోహము గాలి సోకినంతనే ఆమ్లజనితో కలిసి, కొన్ని నానోమీటర్ల మందము గల పారదర్శకమైన పొరను తొడుగుకొనును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండుటకు హేతువు అందులోని క్రోమియము. అది కనీసము 10.5 శాతము ఉన్నచో ఉపరితలమున ఎడతెగని క్రోమియము ఆక్సైడుపొర ఏర్పడును. టైటానియమునకును అట్టి కవచమే కలదు. ఇనుమునకు మాత్రము ఈ భాగ్యము లేదు. దాని ఆక్సైడు పొరలు పొరలుగా రాలిపోవుచుండును. మొత్తముమీద నీటితో మాటలాడునది లోహము గాదు, ఆక్సైడు. నీటిలో మునిగినపుడు ఆ ఆక్సైడుపై హైడ్రాక్సిల్ అను ఆమ్లజని ఉదజనుల జంటలు మొలచి, నీటి ఆమ్లత్వమునుబట్టి ఉదజని అయానును పుచ్చుకొనుటయో విడుచుటయో చేయుటచేత ఉపరితలమునకు ధన విద్యుదావేశమో ఋణ విద్యుదావేశమో కలుగును. తటస్థమైన మంచినీటిలో టైటానియము ఆక్సైడు సాధారణముగా ఋణావేశమును, అల్యూమినియము ఆక్సైడు ధనావేశమును వహించును. ఈ భేదము చిన్నదిగా తోచినను, పూతల శాస్త్రమంతయు దీనిపై ఆధారపడియున్నదని ముందు తెలియగలదు.

శుభ్రమైన పలకను నదిలోనికి దింపినతోడనే కార్యము మొదలగును. మొదటి క్షణములలో వచ్చునవి ప్రాణులు కావు. నీటిలో కరిగియున్న మాంసకృత్తులు, కుళ్ళిన ఆకులనుండి వచ్చిన ఆమ్లములు, చక్కెరజాతి పదార్థములు ఆక్సైడునకు అంటుకొని కంటికి కానరాని తొలిపొరను పరచును. కొన్ని గంటలలో బాక్టీరియా వచ్చి ఆ పొరపై వ్రాలును. తొలుత వాని పట్టు సడలి యుండును. నీటి ఒరపిడికి కొన్ని లేచిపోవును. నిలిచినవి తమచుట్టు జిగురును స్రవించి, అందులో మునిగి, విభజన చెంది, ఒకదానికొకటి అండగా గుంపులు కట్టును. అప్పటినుండి వానిని కదలించుట దుష్కరము. మందు సయితము ఆ జిగురును చొచ్చుకొనిపోవుటకు చాలకాలము పట్టును. దినములు గడచిన కొలది ఆ జిగురుపై డయాటములను ఏకకణపు సూక్ష్మ నాచులు, తదుపరి పెద్ద నాచులు, వానిని మేయు సూక్ష్మజంతువులు, కడపట నత్తలు, ఆలుచిప్పలు చేరును. ఈ క్రమము సర్వత్ర ఒక్కతీరుననే నడచునని గాదు. కొన్ని జీవుల పిల్లలు తొలిపొరకై వేచియుండక నేరుగా వచ్చి పట్టుకొనును. ఐనను తొలిగంటలలోని ఆ మొదటి పొరను ఏర్పడనీయకున్నచో పైవారిలో పెక్కురకు కాలూనుటకు చోటు దొరకదు. పోరాటమంతయు ఆ మొదటి గంటలలోనే గెలుచుటయో ఓడుటయో జరుగునని నా అభిప్రాయము. నాచు కంటబడునప్పటికి యుద్ధము ముగిసిపోయి యుండును.

మానవుడు చిరకాలము ఈ సూక్ష్మమును గ్రహింపక, వచ్చిన ప్రాణిని చంపుటయే ఉపాయమని తలచెను. కొయ్య ఓడలకు తారును పూసిరి. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక అడుగునకు రాగిరేకులు తొడిగించిరి. రాగి మెల్లగా కరగుచు దరిచేరిన జీవులకు విషమైనది గాని, ఆ రాగి తగిలినచోట ఓడ ఇనుపమేకులు క్షయించిపోయినవి. ఇరువదవ శతాబ్దిలో ట్రైబ్యుటైల్ టిన్ను అను తగరపు విషమును రంగులలో కలిపిరి. అది అద్భుతముగా పనిచేసినది, అందువలననే అపాయకరమైనది. ఫ్రాన్సు దేశపు ఆర్కషాన్ అఖాతమున ఆయిస్టరు చిప్పలు వంకరలు తిరిగి, పిల్లలు దక్కక, పెంపకమే కూలిపోవుటకు అదియే హేతువని తేలి, ఆ దేశము 1982లో చిన్న పడవలకు దానిని నిషేధించినది. అంతర్జాతీయ నౌకాసంస్థ 2001లో చేసిన ఒడంబడిక 2008లో అమలునకు వచ్చి ఓడలపై ఆ విషపు పూతలను నిషేధించినది. సముద్రమునందే తగదని త్రోసివేసిన విషము, లక్షలమంది త్రాగు శ్రీశైలపు వెనుకజలములలో ఎట్లు తగును? ఎల్లూరు కడ తోడిన నీరు పొలమునకే గాక కుండలోనికిని పోవును. మన సీమకు విషపు పూత పనికిరాదు. చంపుట గాక అంటనీయకుండుటయే మనకు తగిన మార్గము.

అంటనీయని గుణము పాలీఇథిలీన్ గ్లైకాల్ అను పాలిమరునందు కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పాలిమరనగా ఒకే తీరు చిన్న అణువులు వందలు వేలుగా వరుసగా పెనవేసికొని ఏర్పడిన దీర్ఘశృంఖల. ఈ గ్లైకాలు మనకు క్రొత్తది గాదు; మలబద్ధకమునకు వైద్యులిచ్చు కొన్ని పొడిమందులలో నున్నది ఇదియే. దాని శృంఖలలోని ప్రతి మెట్టును రెండు మూడు నీటి అణువులను గట్టిగా పట్టియుంచును. అట్టి శృంఖలలను ఒక కొనతో లోహమునకు బిగించి, రెండవ కొనను నీటిలో స్వేచ్ఛగా విడిచి, దగ్గర దగ్గరగా నాటినచో, చిక్కగా ఎదిగిన వరినారుమడిలో పోచపోచకు నడుమ నీరు నిండియుండ పైనుండి పడిన ఆకు బురదను తాకజాలనట్లు, నీటిలో తేలివచ్చు మాంసకృత్తు అడుగునున్న ఆక్సైడును తాకజాలదు. దానికి రెండడ్డంకులు కలవు. దగ్గరకు రావలెనన్న శృంఖలలను నొక్కి వాని స్వేచ్ఛను హరింపవలెను. వానిని హత్తుకొనియున్న నీటిని వెడలగొట్టవలెను. రెండును శక్తిని వ్యయింపజేయు పనులగుటచే అది వెనుదిరిగి పోవును. చంపుట లేదు, విషము లేదు. తాకుటకు చోటు లేదు, అంతియే.

అయితే నాటుట చిక్కగా నుండవలెను. ముందుగా వచ్చి కూర్చున్న శృంఖల తన చుట్టుప్రక్కల చోటంతయు ఆక్రమించి వెనుక వచ్చువానిని రానీయదు. ఎడములు మిగిలినచో ఆ సందులలో మాంసకృత్తులు దూరును. దీనికి ఒక ఉపాయముగా ఉప్పు కలిపిన వేడినీటిలో పూతపెట్టుదురు. అట్టి నీటిలో శృంఖలలు ముడుచుకొని తక్కువ చోటు తీసికొనును, పిదప చల్లని మంచినీటిలో విప్పారి క్రిక్కిరిసి నిలుచును. మరియొక ఉపాయము శృంఖలను తెచ్చి నాటక, ఆక్సైడుపై బీజములవంటి అణువులను బిగించి అచ్చటనే పెంచుట.

అన్నిటికంటె కష్టమైనది ఆ బిగింపే. సిలేన్ అను సిలికాను సమ్మేళనములు గాజునకు బాగుగా పట్టును గాని, లోహపు ఆక్సైడులపై నీటిలో దీర్ఘకాలము నిలువక విడిపోవుట కద్దు. ఫాస్ఫోనేటులను భాస్వరపు సమ్మేళనములు టైటానియము, అల్యూమినియములకు మేలైన లంగరులు. ఇక మూడవ లంగరు వచ్చిన త్రోవ నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఏ జీవినుండి ఓడలను కాపాడగోరుదుమో ఆ జీవియే దానిని నేర్పినది.

సముద్రపు ఆలుచిప్ప అలల తాకిడికి కొట్టుకొనిపోకుండ సన్నని పోగులను స్రవించి, వాని కొనలయందలి చిన్న బిళ్ళలతో తడిరాతిని పట్టుకొనును. మనుజులు చేసిన జిగురులు చాలవరకు తడిపై ఓడిపోవుచుండగా దాని జిగురు నీటిలోనే గట్టిపడును. అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్బర్టు వెయిట్ 1981లో ఆ జిగురు మాంసకృత్తులలో డోపా అను అసాధారణమైన అమైనో ఆమ్లము మెండుగా నున్నదని ప్రకటించెను. డోపా అణువుయొక్క ఒక ప్రక్క కాటికాల్ అను వలయము కలదు. దానిలో ప్రక్కప్రక్కన నిలిచిన రెండు హైడ్రాక్సిల్ జంటలు ఆక్సైడులోని లోహపు అయానును రెండు చేతులతో పట్టినట్లు పట్టును. ఈ సూత్రమును గైకొని ఫిలిప్ మెస్సర్‌స్మిత్ అనునాయన తన సహచరులతో నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయమున పాలీఇథిలీన్ గ్లైకాల్ కొనకు డోపా అణువులను తగిలించి, 2003లో దాని వృత్తాంతమును ప్రకటించెను. అంటుకొనుటలో మేటియగు అణువు ఒక కొనను, అంటనీయని శృంఖల రెండవ కొనను నుండగా, టైటానియపు పలకను ఆ ద్రావణములో ముంచితీసిన చాలును. పూత తానుగా కూర్చుండును. 2006లో బ్రిటనులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయపు పరిశోధకులతో కలిసి, ఆ పూతగల టైటానియముపై నావిక్యులా అను డయాటమును, ఉల్వా అను నాచుయొక్క బీజకణములను విడిచి చూచిరి. పూతలేని పలకకంటె పూతగల పలకపై చేరినవి తక్కువ. చేరినవి కూడ నీటి ఒరపిడికి తేలికగా వదలిపోయినవి.

ఈ డోపా పేరు విని పాఠకులు అది ఎచ్చటనో దూరపు సముద్రమున నుండు వస్తువని తలపనక్కరలేదు. మన అడవులలో తీగయై ప్రాకు దూలగొండియొక్క కాయలపై నూగు సోకినచో ఒడలెల్ల దురదపుట్టునని ప్రతి పశుల కాపరికిని తెలియును. ఆ దూలగొండి గింజలలో డోపా సమృద్ధిగా నున్నది. ఆ గింజలనుండి దానిని వేరుచేసి 1937లో ప్రకటించినవారు మద్రాసులోని దామోదరన్, రామస్వామి అను రసాయనజ్ఞులు. కంపవాతమునకు నేటి వైద్యులిచ్చు ముఖ్యమైన మందు ఈ డోపాయే. ఆలుచిప్ప జిగురు, దూలగొండి గింజ, వణకు రోగికిచ్చు మాత్ర, లోహముపై పూతకు లంగరు అను నాలుగింటను ఒకే అణువు నిలిచియుండుట ప్రకృతిశాస్త్రమునందు అభిరుచిగల బాలబాలికలకు చెప్పదగిన కథ.

లంగరు వేయుటకు విద్యుదావేశమును వాడు పద్ధతియు కలదు. జూరిచ్ నగరమున మార్కస్ టెక్స్టర్, నికొలస్ స్పెన్సరు, జెఫ్రీ హబ్బెల్ మున్నగువారు ధనావేశముగల పాలీలైసీన్ అను శృంఖలకు గ్లైకాలు శృంఖలలను కొమ్మలుగా కలిపిరి. ఋణావేశముగల టైటానియము, నియోబియము ఆక్సైడులను ఆ ద్రావణమున ముంచినచో ధన ఋణముల ఆకర్షణచేత అది అతుకుకొని కొమ్మలను నీటివైపు చాచును. కాని తటస్థమైన నీటిలో ధనావేశముగల అల్యూమినియము ఆక్సైడునకు ఇది తగదు. ఉప్పు మెండుగానున్న నీటిలో పట్టు సడలును. ప్రతి ఆక్సైడునకు తగిన లంగరును వేరుగా ఏర్చుకొనవలసినదేగాని అన్నిటికి చెల్లు పూత యొకటి లేదని దీనివలన విశదమగుచున్నది.

గ్లైకాలునకు ఒక లోపము కలదు: ఆమ్లజనియు, ఇనుము రాగి మొదలగు లోహపు అయానులును ఉన్నచోట అది కాలక్రమమున ఆక్సీకరణము చెంది తునిగిపోవును. ఇనుప గొట్టములలో ఈ రెండింటికిని కొదువ లేదు. కావున శాస్త్రజ్ఞులు మరియొక జాతి పాలిమరులవంక చూచిరి. మన ఎర్రరక్తకణముల వెలిపొరయందు ధన ఋణావేశములు రెండును ఒకే అణువునందు సరిసమానముగా గల ఫాస్ఫోరిల్‌కోలీన్ అను భాగము కలదు. దానిని అనుకరించి టోక్యోలో కజుహికో ఇషిహరా మొదలగువారు తయారుచేసిన పాలిమరు గ్లైకాలుకంటెను గట్టిగా నీటిని పట్టియుంచును. బలహీనమైన హృదయమునకు తోడ్పడుటకై జపానులో నిర్మించిన ఎవాహార్ట్ అను యంత్రమున రక్తము తాకు టైటానియపు తలములకు ఈ పాలిమరునే పూసిరి. నదిలో పలకకు నాచు పట్టుటయు, రక్తములో లోహమునకు గడ్డ కట్టుటయు వేరువేరు కార్యములైనను, రెండింటికిని మొదటి మెట్టు మాంసకృత్తు ఆక్సైడును అంటుటయే. 1990లలో హైదరాబాదున అబ్దుల్ కలాంగారును, హృద్రోగవైద్యులు సోమరాజుగారును కలిసి తక్కువ ఖరీదులో స్టెంటును రూపొందించి పేదలకు అందించిన సంగతి తెలుగువారికి సుపరిచితము. స్టెంటు చిన్న లోహపు జాలీ. అది నాళములో ప్రవేశించినంతనే దానిపైని ఆక్సైడును మాంసకృత్తులు చుట్టుకొనును. అందువలననే స్టెంటు వేసికొన్నవారికి రక్తము గడ్డకట్టకుండ వైద్యులు మందులిత్తురు. ఆ మందులను వైద్యుని అనుమతి లేక మానరాదు.

ఇన్ని సుగుణములున్నవి గదా, జూరాల గేట్లకు ఈ పూతలు నేడే పూయరాదా యని అడుగువారికి సూటిగా చెప్పవలసిన సమాధానము: పూయరాదు. ఇవి నానోమీటర్ల మందమున నుండునవి. శ్రావణ భాద్రపదములలో కృష్ణ ఇసుకను, మట్టిని, కొయ్యదుంగలను మోసికొని గేట్లమీద విరుచుకొనిపడునప్పుడు ఇంత పలుచని పొర నిలువజాలదు. గీత పడినచోట ఆక్సైడు బయటపడును. అచ్చట మొదటి పొర చేరును. పెద్ద ఇనుప నిర్మాణములకు ఎపాక్సీ మొదలగు దళసరి రంగులే తగినవి. పాచి మిక్కుటముగా బాధించు చోట్ల సిలికోను రంగులు ఉపకరించును. అవి ప్రాణిని రాకుండ చేయవు గాని, పట్టు లేకుండ చేసి పరుగునీటికి ఊడిపోవునట్లు చేయును. అమెరికాలో కొలరాడో నదిపై పార్కరు ఆనకట్ట కడ అచ్చటి ప్రభుత్వ సంస్థవారు 2008 మొదలు ఇట్టి రంగులను నీటిలో దింపి, నదిలో చొరబడిన క్వాగ్గా ఆలుచిప్పలపై పరీక్షించుచు వచ్చిరి. సిలికోను పూతలు బాగుగా పనిచేసినవి గాని, మెత్తనివగుటచే గీతలకు ఓర్వజాలవని వారు గమనించిరి. అతిపలుచని పాలిమరు పూతలకు తగిన స్థలములు వేరు: నీటి గుణమును కొలుచు సెన్సర్ల ముఖములు, కాంతిని పంపి మలినమును లెక్కించు పరికరముల కిటికీలు, ప్రయోగశాల గొట్టములు, దేహములో అమర్చు సాధనములు. నీటి నాణ్యతను కొలుచు పరికరము తానే పాచిపట్టి తప్పుడు లెక్క చెప్పినచో ఊరంతయు మోసపోవును; పూత ఖరీదు అచ్చట లెక్కకు రాదు.

సముద్రమువలె నదిని మనము ఇంకను చదువలేదని నాకు తోచుచున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య పి. ఎన్. గణపతిగారును, లక్ష్మణరావు, నాగభూషణముగార్లును విశాఖపట్టణపు రేవులో అంటుజీవులను పరిశీలించి 1958లో తమ వ్యాసమును ప్రకటించిరి. ఏ ఋతువున ఏ జీవి వచ్చి వ్రాలుచున్నదో తెలిసియుండుటచేతనే 1960ల చివర మధ్య అమెరికా తీరములకు చెందిన క్రొత్త ఆలుచిప్ప యొకటి ఆ రేవులో ప్రవేశించినపుడు అది పరాయిదని అక్కడివారు గుర్తింపగలిగిరి. కల్పాక్కము అణువిద్యుత్కేంద్రములో సముద్రము అడుగున త్రవ్విన నీటిసొరంగమును పచ్చ ఆలుచిప్పలు ఆక్రమించినపుడు సయితము క్లోరినును ఎప్పుడు, ఎంత వాడవలెనో తేల్చినది అట్టి ఓపికగల పరిశీలనయే. పూత ఎంత గొప్పదైనను, అది ఎవరిని ఎదుర్కొనవలెనో తెలియనిదే ఎన్నుకొనుట గ్రుడ్డిపని. రాయచూరువైపునుండి వచ్చు కృష్ణజలము వేరు, అలంపురము చెంత తుంగభద్ర తెచ్చు నీరు వేరు, నెలల తరబడి కదలక నిలిచియుండు శ్రీశైలపు వెనుకజలము వేరు. ఒకచోటి అనుభవము మరియొకచోటికి చెల్లకపోవచ్చును.

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. పాలమూరు విశ్వవిద్యాలయమునకు గద్వాల, వనపర్తి, కొల్లాపురములలో కేంద్రములు కలవు; వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది; పూతల విషయమున సలహా అడుగుటకు హైదరాబాదు తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యున్నది. అరచేతి వెడల్పుగల సాధారణ ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియపు పలకలను, వానితోడ ఎపాక్సీ పూసినవానిని, సిలికోను పూసినవానిని ఒకే చట్రమునకు నైలాను త్రాటితో విడివిడిగా కట్టవలెను. లోహము లోహమును తాకరాదు. ఆ చట్రమును అధికారుల అనుమతితో జూరాల కడ, ఎల్లూరు కడ, అలంపురము కడ నీటిమట్టమునకు ఒక మీటరు దిగువన వ్రేలాడదీయవలెను. మట్టము మారిన కొలది త్రాటిని సవరింపవలెను. నెలకొకమారు పైకి తీసి, ఫోటో తీసి, పలకపై చేరిన పాచిని గీచి ఆరబెట్టి తూచి, సూక్ష్మదర్శినిలో చూచి, నీటి వేడిమిని, ఆమ్లత్వమును, మురికిని నోటుపుస్తకమున వ్రాయవలెను. మూడు ఋతువులు గడచునప్పటికి మన కృష్ణలో మొదట వచ్చువారెవరో, వెనుక వచ్చువారెవరో, ఏ పూతపై ఎవరు నిలువలేకపోయిరో పాలమూరు విద్యార్థులే చెప్పగలరు. రాబోవు వరదలకు ముందే ఆ చట్రములను నీటిలో దింపవలసినదిగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల అధ్యాపకులను, ఇంజనీర్లను వినయపూర్వకముగా కోరుచున్నాను.